పెన్‌పహాడ్‌లో ఫ్రీ జాజ్

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఫ్రీ జాజ్ అంటే టికెట్ లేని జాజ్ అనే చాలా రోజులు నేనూ అనుకున్నాను. అందుకే కోదాడలో ఒక పెద్దాయన “ఫ్రీ అంటే టిఫిన్ కూడా కలిపేనాండీ?” అని అడిగాడని విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. దేవికకు మాత్రం ఏడుపొచ్చింది.

దేవికది సూర్యాపేట. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు ఊరూరా తిరిగి ఫ్రీ జాజ్ పరిచయం చేస్తుంది. కోదాడలో టిఫిన్ లేదని తేలగానే హాలు ఖాళీ అయింది. మిర్యాలగూడలో ఇద్దరు చివరిదాకా కూర్చున్నారు. ఒకాయన ఏసీ కోసం, రెండో ఆయన మొదటాయన్ని నిద్ర లేపి తీసుకెళ్ళడం కోసం. సూర్యాపేటలో వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, “మేడం, స్పీకర్ ఖరాబైంది” అంటూ ప్లగ్ పీకేశాడు.

ఇక మిగిలింది యూట్యూబ్ ఛానల్ ఒక్కటే. మనసు పెట్టి వినేవాళ్ళు ఒక్కరైనా దొరక్కపోతే నెలాఖరుకు దాన్నీ మూసేస్తానని తల్లి రాధమ్మ ముందు ఒట్టు పెట్టింది.

సరిగ్గా అప్పుడు పెన్‌పహాడ్ నుంచి పాపయ్య పెద్దనాయిన దిగాడు, జేబులో పెన్‌డ్రైవ్‌తో.

“మీ అమ్మ చెప్పింది బిడ్డ, నీ కాడ ఏదో కొత్తతీరు మ్యూజిక్ ఉన్నదంట గద. జర వినిపియ్యి.”

దేవిక తల్లి వైపు చూసింది. రాధమ్మ టీ పెడతానని వంటింట్లోకి తప్పుకుంది.

“ముందుగాల అనుకున్న వరస ఉండదు పెద్దనాయినా. తాళం గూడ ఉండకపోవచ్చు. ఒకరిది ఒకరు వినుకుంట, అప్పటికప్పుడు ఏది తోస్తే అది వాయిస్తరు.”

“అంటే, తర్వాత ఏమొస్తదో ఎవ్వరికీ ఎర్కుండదా?”

“ఉండదు.”

“గదే కావాలె! ఒక్కతీరుగ ఉంటే రెండ్రోజులల్ల అలవాటైపోతది. మొన్న హైదరాబాద్ నుంచి ఒకటి తెప్పించిన. ఒక్కటే అరుపు. మూడోనాటికి లెక్కనే లేదు.”

దేవికకు ఒళ్ళు పులకరించింది. ఫ్రీ జాజ్ గురించి ఇంత సూటిగా ఎవరూ రాయగా ఆమె చదవలేదు.

మొదట ఆర్నెట్ కోల్మన్ 1960 రికార్డింగ్ పెట్టింది.

“ఎడమ దిక్కు నలుగురు, కుడి దిక్కు నలుగురు. అర్ధగంట దాటినా ఆపరు.”

“మరి ఒక డబ్బా ఈ కొసకు, ఒక డబ్బా ఆ కొసకు పెడితే?”

“స్టీరియో అంటే గదే పెద్దనాయినా! మీకెట్ల తెల్సు?”

“దీనికి తెలుసుడేంది బిడ్డ. రెండు దిక్కుల నుంచి పడాలె.”

తర్వాత ఆల్బర్ట్ ఐలర్. మధ్యలో బ్యాండుమేళం లాంటి తియ్యటి వరస వచ్చింది. పాపయ్య మొహం చిట్లించాడు.

“ఇది రమ్మని పిలిచినట్టున్నది. మనకొద్దు.”

తియ్యదనానికి లొంగని చెవి! దేవిక ఉత్సాహంగా జాన్ కోల్ట్రేన్ 1965లో పదకొండు మందితో చేసిన రికార్డింగ్ పెట్టింది.

“మంచిగున్నది గని, మధ్యమధ్యల ఒక్కొక్కడే వాయిస్తుండు. గా సందు దొరకొద్దు.”

ఇక దాచుకున్నది తీసింది. పీటర్ బ్రోట్జ్‌మన్ అనే జర్మనీ ఆయన 1968లో ఎనిమిది మందితో చేసింది. మొదలవ్వడమే సాక్సోఫోన్లన్నీ కలిసి గొంతు చించుకున్నాయి. పక్కింటి బుచ్చమ్మ కిటికీ ధడేల్మని మూసుకుంది. పాపయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఇగో! ఇదీ!”

“మీ ఊర్ల ఇంకెవరన్న వింటరా పెద్దనాయినా?”

“మస్తు పెద్ద గుంపున్నది బిడ్డ. తెల్లారకముందే పిల్లజెల్లతోని దిగుతది.”

దేవిక పెన్‌డ్రైవ్ నింపి ఇచ్చింది. ఐలర్‌ది తప్ప.

నెలాఖరుకు పాపయ్య ఫోన్ చేశాడు. వెనక సాక్సోఫోన్లు హోరెత్తుతున్నాయి.

“బిడ్డ, నీకు ఊరంతా సలాం కొడుతున్నది! పొద్దుగాల్నుంచి మాపటిదాక మోగుడే మోగుడు. గా జర్మనోడిదైతే తిరుగులేదు. మా ఊరి లింగస్వామి గూడ కావాలంటుండు, నీ ఛానల్ పేరు చెప్పిన.”

“గుంపుకు అర్థమైందా పెద్దనాయినా?”

“మంచిగ అర్థమైంది!”

దేవిక కళ్ళు తుడుచుకుంది. “సూసినవా అమ్మా? మూసెయ్యమన్నవ్ గద!”

“నేనెప్పుడన్న? దేనికన్న పనికొస్తదని నాకు ముందే తెల్సు,” అంది రాధమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే.

ఒట్టు గట్టు మీద పెట్టి, దేవిక అప్పటికప్పుడు ఛానల్లో పోస్టు పెట్టింది: “పెన్‌పహాడ్ శ్రోతలకు వందనాలు. ఫ్రీ జాజ్ మొదటిసారి వినిపించినప్పుడు ఏం జరిగింది? మీ కథ కింద కామెంట్లో రాయండి.”

నిమిషంలో లింగస్వామి రాశాడు.

“మక్కచేన్ల నుంచి కోతులు పారిపోయినయ్ మేడం, అడవిపందులకు ఏది పెట్టాలె?”