తిరగేసిన మాస్కు

భోజనాల గంట మోగగానే వెల్డర్ తన మాస్కు తీసి, తిరగేసి, మేస్త్రి ముందు బల్ల మీద పెట్టాడు.

షెడ్డులో అందరూ అటు తిరిగారు. ఎవరికైనా ఆపద వస్తే అక్కడ వెల్డింగ్ మాస్కును గిన్నెలా తిరగేసి పెడతారు. అది చేతులు మారుతూ షెడ్డంతా తిరుగుతుంది. ఎవరెంత వేశారో ఎవరూ చూడరు. ఒక్కటే కట్టుబాటు. ఇంట్లో మనిషికైతేనే మాస్కు తిప్పాలి. చుట్టాలకీ పక్కాలకీ తిప్పుతూ పోతే మాస్కు మొహానికి పెట్టుకునే తీరికుండదని పాతవాళ్ళు పెట్టిన నియమం.

“ఏమైందిరా?” అన్నాడు మేస్త్రి.

“కాలు విరిగిందన్నా. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. చీము పట్టింది. ఎముక వంకరగా అతుక్కుంది. మళ్ళీ విరిచి సరిచేయాలంట. ఈ నెల దాటితే ఇక జన్మంతా కుంటడమేనంట.”

“మనమైనా అంతేగా. అతుకు వంకరపోతే కోసి మళ్ళీ అతకాల్సిందే,” అన్నాడు గ్రైండర్ దగ్గరి ముసలాయన.

“మనం కోస్తే ఇనుము ఏడవదుగా బాబాయ్.”

“మీ ఆవిడకా?” మేస్త్రి గొంతు తగ్గింది.

వెల్డర్ తల ఊపాడు.

చేరి నాలుగేళ్ళయినా ఇంటి ఊసెత్తని మనిషి అతను. “ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా మొద్దూ,” అని తిట్టి, మేస్త్రి తన జీతం కవరు విప్పి ముందు తనే వేశాడు. మాస్కు బరువెక్కి తిరిగొచ్చింది. మోటర్‌సైకిల్ అమ్మగా వచ్చిన డబ్బు దానికి కలిపితే సరిపోయింది.

బస్సులో ఆసుపత్రికి వెళుతుంటే కళ్ళద్దాల మనిషి గుర్తొచ్చాడు. వెల్డర్ డబ్బు సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఆమె మంచం పక్కనున్న స్టూలు ఎప్పుడూ ఆ కళ్ళద్దాల మనిషిదే. మోకాలి కింద దిండు ఎంత ఎత్తులో ఉండాలో అతనికి తెలుసు. ఏ మాత్ర చేదో తెలుసు. ఏం చెబితే ఆమె నవ్వుతుందో తెలుసు. ఆమె అతన్ని ‘నువ్వు’ అంటుంది. వెల్డర్‌ని ఏనాడూ ‘మీరు’ దాటి పిలవలేదు.

మొన్న వెల్డర్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల కళ్ళద్దాల మనిషి ఆమెకి జడ అల్లుతున్నాడు. మూడు పాయలూ మూడు దారులు పట్టాయి.

“పోనీలే, వదిలెయ్. నీ చేతికి జడ లొంగేలా లేదు,” అని ఆమె నవ్వుతోంది.

వెల్డర్ తన చేతులు చూసుకున్నాడు. నిండా నిప్పురవ్వల మచ్చలు. ఆ చేతులు ఒక్కసారైనా ఆ జడ జోలికి పోలేదు. కోపం తన మీద రావాల్సింది. కళ్ళద్దాల మనిషి మీదికి పోయింది.

అతను కూడా డబ్బు కోసం తిరుగుతున్నాడు. వరండాలో ఫోన్ పట్టుకుని ఎవరెవరినో బతిమాలడం వెల్డర్ చెవిన పడింది. దిండ్లు సర్దేది అతనే. నవ్వించేదీ అతనే. డబ్బు కూడా అతనే తెస్తే ఇక తనకి మిగిలేదేమిటి? ఆ రోజే మోటర్‌సైకిల్ బేరానికి పెట్టాడు.

బస్సు దిగి, కౌంటర్లో డబ్బు కట్టి వార్డులోకి వెళ్ళాడు.

“కట్టేశాను,” అన్నాడు. ఆమెతో చెప్పాడుగాని చూసింది కళ్ళద్దాల మనిషి వైపు. మొహం మాడుతుందేమోనని చూశాడు. అతను స్టూలు మీంచి లేచొచ్చి వెల్డర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులు వదల్లేదు. వెల్డర్‌కి ఆ చేతులు వెచ్చగా తగిలి, మంట ఇంకా పెరిగింది.

“బండి అమ్మేశారట,” అంది ఆమె. “పనికెలా వెళ్తారు?”

“బస్సులున్నాయిగా.”

“పొద్దున్నే లేవాలి మరి. మీకసలే బద్ధకం.”

ఆ ఒక్క మాట వెల్డర్ రెండు రోజులు దాచుకున్నాడు.

ఆపరేషన్ నాడు మేస్త్రి సగం పూట సెలవు పెట్టి, పళ్ళు కొనుక్కుని వచ్చాడు. థియేటర్ బయట బెంచీ మీద వెల్డర్ పక్కన కూర్చున్నాడు. ఆ చివర కళ్ళద్దాల మనిషి. రుమాలును తాడులా మెలిపెడుతున్నాడు.

“ఎవర్రా ఆయన?” మేస్త్రి చెవిలో అడిగాడు.

“తెలిసినాయన.”

“నీకంటే ఆయనకే కంగారు ఎక్కువగా ఉందే!”

వెల్డర్ థియేటర్ తలుపు వైపు చూశాడు.

“చూసుకో తమ్ముడూ. పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టుంది నీ యవ్వారం.” మేస్త్రి తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. నర్సు మూతిగుడ్డ కిందికి లాగింది.

“బాగా జరిగింది. ఎముక తిన్నగా వచ్చింది. మెలకువ కూడా వచ్చింది. ఇప్పుడు ఒక్కరినే లోపలికి పంపుతాను. భర్త ఎవరు?”

బెంచీ మీంచి ఇద్దరు లేచారు.

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మేస్త్రి కళ్ళద్దాల మనిషిని కింది నించి పైదాకా చూసి, వెల్డర్ వీపు మీద ఒక్కటి చరిచాడు.

“గుంజలా నిలబడ్డావేంరా? వెళ్ళు. నీ ఇంటిదాని కోసమేగా షెడ్డంతా మాస్కు తిప్పింది!”

వెల్డర్ అడుగు వేశాడు. ఆగాడు. పక్కకి జరిగి కళ్ళద్దాల మనిషికి దారి ఇచ్చాడు.

“ఆరేళ్ళ కిందటిదాకా భర్తని నేనే, అన్నా. ఇప్పుడు ఆయన.”