నిమిషానికి పాతిక చుట్లు

టోర్కెల్ దాల్చినచెక్క బన్ను తింటూ నడుస్తుండగా ట్రెడ్‌మిల్ ఒక్కసారిగా ఆగిపోయింది.

బన్ను వెళ్లి గోడకు తగిలింది. టోర్కెల్ వెళ్లి ముందున్న కమ్మీకి తగిలాడు.

"దానిమీదే నిలబడలేనివాడివి, మంటల్లోకి ఏం పోతావు?" అంది భార్య బెరిత్, వంటింట్లోంచి.

మూడు వారాల్లో పరీక్ష. ఇరవై నాలుగు కిలోల సరంజామా మోస్తూ, గంటకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో, ఎత్తు పెట్టిన ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలు నడవాలి. ఓడితే ఊరి అగ్నిమాపక దళంలో ఇరవై ఆరేళ్ల చోటు పోతుంది.

టోర్కెల్ బతుకుతెరువు తివాచీల కొట్టు. అక్కడ అతన్ని పట్టించుకునేవాడు లేడు. స్వీడన్ దక్షిణాన ఆ చిన్న ఊళ్లో అతనికి దక్కే మర్యాదంతా సైరన్ మోగినప్పుడే.

అయినా ధీమాగానే ఉన్నాడు. ఆర్నెల్లుగా రోజూ నాలుగున్నర మీద బన్ను తింటూ నడుస్తున్నాడు మరి.

రిపేరు మనిషి వచ్చాడు. పేరు హెన్నింగ్ అన్నాడు. గుమ్మంలో బూట్లు విప్పాడు. ఒక మేజోడుకు చిల్లు.

తెగిన తీగ పది నిమిషాల్లో మార్చాడు. అంతటితో లేవలేదు. బెల్టు మీద సుద్దగీత గీసి, గడియారం చేతపట్టి, "ఎక్కి నడవండి" అన్నాడు.

"ఖాళీగా తిప్పి చూసుకో."

"ఖాళీగా తిరిగితే నిజమే చెప్తోందండీ. మీరెక్కితేనే అబద్ధమాడుతోంది."

"అంటే తప్పు నాదా?"

"మీ బరువుకి బెల్టు జారుతోంది. నాలుగున్నరకైతే నిమిషానికి పాతిక చుట్లు రావాలి. పంతొమ్మిదే వస్తున్నాయి. మీరు నడుస్తున్నది మూడున్నర కూడా లేదు."

వంటింట్లో గరిటె కింద పడింది. వెనకాలే బెరిత్ నవ్వు.

"ఇదిగో, నాకు అగ్నిమాపక దళం పరీక్ష ఉంది. మూడే వారాలు. దీన్నిలాగే వదిలెయ్. నాకిలాగే బావుంది."

హెన్నింగ్ చేతిలో స్పానర్ ఆగింది. కాసేపు టోర్కెల్ వంకే చూశాడు. తర్వాత వంగి, బెల్టు బిగించడం మొదలెట్టాడు.

"వదిలేయమన్నానా!"

"వదిలేస్తే అక్కడ కాళ్లు ఆడవండీ."

"ఏంటీ, నేను ఓడిపోతాననా?"

హెన్నింగ్ పెదాలు ముడిచి "హుప్" అని గాలి లోపలికి పీల్చాడు.

గీత పాతిక చుట్లు తిరిగేదాకా సరిచేసి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

"చూశావా, ఎలా జడుసుకున్నాడో!" అన్నాడు టోర్కెల్.

"జడుపా, పాడా! అతనిది ఉత్తర స్వీడన్ యాస, మా అమ్మమ్మదీ అక్కడే. అక్కడివాళ్లు అవునని నోరు తెరిచి అనరు, అలా గాలి పీలుస్తారు. నువ్వు ఓడిపోతానా అనడిగావు. అవునన్నాడు."

టోర్కెల్ ముఖం బీట్‌రూట్ అయింది.

ఆ కోపంతోనే మర్నాడు ఎక్కాడు. రెండో నిమిషంలో దిగిపోయాడు. బన్నులు మానేశాడు. రోజూ హెన్నింగ్‌ను తిడుతూ నడిచాడు. తిట్లు అయిపోతే మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు.

పరీక్షనాడు కళ్లు తేలేశాడు, నాలుక బయటపెట్టాడు. ఆరు నిమిషాలూ మాత్రం దాటాడు.

"నెగ్గావు," అంది దళం అధికారి మార్గరెతా, ముఖం వేలాడేసుకుని.

"ఆ మాట కాస్త నవ్వుతూ చెప్పొచ్చుగా?"

"నీ మీద కోపమేం కాదు. ఒకతను ఈ పరీక్ష ఎప్పుడో నెగ్గి, రెండేళ్లుగా ఖాళీ కోసం ఎదురుచూస్తున్నాడు. ‘టోర్కెల్ ఓడితే ఆ చోటు నీదే’ అని అతనికి మాటిచ్చాను. ఈసారీ కాకపోతే ఇక అడగనన్నాడు."

"అయ్యో పాపం!" టోర్కెల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇప్పుడే చెప్పెయ్. నేనూ వింటాను."

ఆమె నంబరు కలిపి స్పీకర్ నొక్కింది.

"హెన్నింగ్, ట్రెడ్‌మిల్ రిపేర్లు," అంది అవతలి గొంతు.