చెవులున్న బిళ్ళ

పనిచోట పలికే ప్రతి మాటా రికార్డు కావాలని చట్టమొచ్చాక, భీమవరం రొయ్యల ఫ్యాక్టరీలో అందరి మెడలోనూ బిళ్ళలు వేలాడుతున్నాయి.

కూతురికి నొప్పులొస్తున్నాయని కబురందగానే నూకరత్నం సూపర్‌వైజర్ సుబ్బరాజును సెలవడిగింది. సీజన్లో సెలవిచ్చాడని బిళ్ళలు వింటే ఆయన ఉద్యోగం ఊడుతుంది.

“కుదరదంటే కుదరదు! వెళ్ళి రొయ్యలొలువు,” అని గట్టిగా కసిరాడు సుబ్బరాజు. కసురుతూనే చేత్తో గేటు చూపించాడు.

నూకరత్నం ఒక్క క్షణం తెల్లబోయింది. బిళ్ళకు చెవులే గాని కళ్ళు లేవన్న సంగతి అప్పుడు తట్టింది.

“అలాగేనండి, ఎక్కడికీ ఎల్లనండి,” అని, బిళ్ళ తీసి తన బల్లకు తగిలించి, చప్పుడు కాకుండా గేటు దాటింది.

కాసేపటికి పక్కన రొయ్యలు ఒలుస్తున్న మంగాయమ్మ ఆ బిళ్ళ వైపు వంగి నిష్ఠూరంగా అంది:

“ఏంటే రత్నం, ఇందాకట్నుంచీ ఉలకవు, పలకవు? సెలవియ్యలేదని అలిగేవా ఏంటి?”