మావయ్య గొంతు

"అలా చూస్తూ నిలబడకత్తా, దీవించు," అన్నాడు ఉరుపి, పడవను నీళ్ళలోకి నెడుతూ.

నెమాన్ దీవించింది. ఆమె పెనిమిటి చెక్కిన తెరచాప పడవ, ఆయన పోయాక నీళ్ళు తాకడం ఇదే మొదలు. పెట్రోలు తెచ్చే ఓడ రావడం మానేసింది. ఊళ్ళో మోటారు పడవలన్నీ ఒడ్డున ఎండుతున్నాయి. తిండికి తాబేళ్ళ దీవికి పోక తప్పదు.

ఆ దారి పాటలో ఉంటుంది. ఏ చుక్క కుంగే చోటికి పడవ ముక్కు తిప్పాలో వరసగా చెప్పే పాట. చివరి చుక్క తప్పితే దీవి తప్పినట్టే. ఆవల నేలన్నది లేదు. మేనమామ నుంచి మేనల్లుడికే రావలసిన సొత్తు అది. నెమాన్ పెనిమిటి, ఆ ముసలాయన, నేర్పుతా రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఉరుపి, "ఇంజనుండగా చుక్కలెందుకు మావా?" అని నవ్వి పోయేవాడు.

అలాంటప్పుడు వచ్చాడు ఎరిక్. దీవి దీవీ తిరుగుతూ, పోతున్న పాటల్ని ఫోనులో పట్టుకునే తెల్లవాడు. ఆడవాళ్ళు అడుగుపెట్టకూడని పడవల సావడిలో కూర్చుని ముసలాయన అతనికి పాట పాడాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. మేనల్లుడి సొత్తు పరాయివాడికి ధారపోశావని నెమాన్ కూడా దెప్పింది.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపుతామా? వాడికి ఎంత చాలునో అంత ఇచ్చాను లే."

ఆయన పోయాక ఎరిక్ మళ్ళీ వచ్చాడు. ఆకలి మెడలు వంచిన ఉరుపిని అదే సావడిలో కూర్చోబెట్టి, ఫోను వినిపిస్తూ, పొల్లుపోకుండా పాట వల్లె వేయించాడు. మావ నోట నేర్వనిది తెల్లోడి పెట్టెలో నేర్చాడని ఊరు వెక్కిరించింది. నెమాన్‌కు మాత్రం కడుపు నిండినట్టయింది. ఎలాగైతేనేం, సొత్తు ఇంటికి చేరింది.

ఇప్పుడు ఉరుపి తెరచాప కనుమరుగైంది. పొద్దు వాలుతుండగా ఎరిక్ ఆమె పక్కన ఇసుకలో చతికిలబడ్డాడు.

"ఆయన గొంతు వింటావా అమ్మా?"

ఫోను పాడింది. చూరు కింద తాళ్ళు పేనుతూ జీవితమంతా ఆయన తనలో తాను పాడుకున్న పాటే. నెమాన్ కళ్ళు తుడుచుకుని, తనూ గొంతు కలిపింది. ఒక్కో చుక్కా దాటుకుంటూ ఇద్దరూ చివరి చరణానికి వచ్చారు.

"కృత్తికలు కుంగే చోట," అంది నెమాన్.

"రోహిణి కుంగే చోట," అంది ఫోనులో ఆయన గొంతు.