రాని బోల్టు

పానా జారి పెద్దిరాజు వేళ్లు చక్రం వెనక ఇనుముకి కొట్టుకున్నాయి. చర్మం లేచి నెత్తురు వచ్చింది. ఆయన దాన్ని లుంగీకి తుడుచుకుని పానాని మళ్లీ బోల్టుకి తగిలించాడు.

"పొద్దుట్నుంచి ఆ కారు కిందే ఉన్నారు. లేచి నాలుగు మెతుకులు తినండి. చద్దన్నంలోకి మాగాయ వేసి పెట్టాను," అంది పార్వతి అరుగు మీద నుంచి.

"ఆ ఎండు చెక్కలా? ఈ ఏడు మాగాయలో ఊటే లేదు."

"కాయలో రసం తక్కువండీ."

ఆయన వినిపించుకోలేదు. పానాకి ఇనుప గొట్టం తొడిగి, కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. బోల్టు కదల్లేదు. చక్రానికి బిగించాల్సిన కొత్త షాకబ్సర్ అట్టపెట్టెలో సిద్ధంగా ఉంది. పాతది ఊడాలంటే ఆ బోల్టు రావాలి.

"రేపు బడి తెరుస్తారు. హారికని నేనే దింపాలి," అన్నాడు.

"బస్సు మన వీధి చివరికే వస్తుందట కదా."

"తాత ఉండగా దానికి బస్సెందుకు?"

కొడుకు వంశీ, కోడలు ఉద్యోగాలకి వెళ్లిపోయారు. మనవరాలు హారిక లోపల టీవీ చూస్తోంది. అయినా పార్వతి గొంతు తగ్గించింది.

"డాక్టరు గారు ఏడాది దాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు."

"మాత్రలు వేసుకుంటున్నాగా. నువ్వు ఒట్టేశావు, గుర్తుందా?"

గుర్తుంది. ఉగాది ముందు నూజివీడు నుంచి వస్తూ, తోటల మలుపు దగ్గర, ఆయన స్టీరింగ్ మీదే కొయ్యబారి కళ్లు తేలేశాడు. కారు మామిడితోట కంచెలోకి దూసుకుపోయి ముందు చక్రం వంకరపోయి ఆగింది. హారిక వెనక సీట్లో నిద్రపోతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గేదె అడ్డొచ్చిందని ఆయన చెప్పాడు, వంశీతో సహా అందరూ నమ్మారు. ఫిట్స్ మాట బయటపెట్టనని పార్వతి చెయ్యి తన తల మీద పెట్టించుకున్నాడు. కట్టుకున్నవాడి తల మీద ఒట్టు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

కాయ కోతలు ముగిసేదాకా ఆయనకి తీరిక లేక కారు పెరట్లో రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు నాలుగు రోజులుగా ఆయనకి ఇదే పని. కిరసనాయిలు పోశాడు, బ్రేకు ఆయిలు పోశాడు, సుత్తితో బాదాడు. మెకానిక్కుని పిలవమంటే, నా కారు మీద ఇంకొకడి చెయ్యి పడనిచ్చానా ఎప్పుడైనా అన్నాడు.

మధ్యాహ్నానికి పక్కింటి సలోమోను వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. వంగి బోల్టుని చూసి నవ్వాడు.

"ఇంత మొండిదాన్ని నా సర్వీసులో చూళ్లేదు. మీకు చుట్టమా ఏంటి రాజు గారూ?" అని, మళ్లీ దగ్గరగా చూశాడు. "రేకుల కింద ఉన్న బండికి ఇంత తుప్పేంటండీ? బందరులో సముద్రం ఒడ్డున పెట్టినట్టుంది."

వెల్డింగ్ షాపు నుంచి కటింగ్ మిషను తెస్తానన్నాడు. తల కోసేస్తే ఎంత మొండిదైనా బయటికి రాక తప్పదన్నాడు.

పార్వతి అరుగు దిగి వచ్చింది. "ఎండ మండిపోతోంది అన్నయ్యగారూ. రేపు చూసుకోవచ్చుగా."

"అయిదు నిమిషాల పని చెల్లెమ్మా. రేపు పిల్ల బడికెళ్లొద్దా?"

ఆవిడ నోరు తెరిచింది. భర్త తలెత్తి ఆవిడకేసి చూశాడు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

వంటింట్లో నిలబడి మిషను చప్పుడు వింది. నిప్పురవ్వలు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. చప్పుడు ఆగింది. సుత్తి దెబ్బలు పడ్డాయి. తర్వాత గచ్చు మీద ఇనుము పడిన శబ్దం. "వచ్చేసింది," అన్నాడు సలోమోను. పార్వతి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. రేపు పొద్దున ఆ వెనక సీట్లో హారిక కూర్చుంటుంది. బడికి దారీ అదే మలుపు.

మిషను తిరిగి ఇచ్చేయడానికి సలోమోను వెళ్లిపోయాడు. పెద్దిరాజు షెడ్డులో ఒక్కడే పీట మీద కూర్చున్నాడు. బోల్టుని చేతిలోకి తీసుకుని వెలుతుర్లో తిప్పి చూశాడు. గోటితో మరలు గీకి, వేలు వాసన చూశాడు. బోల్టుని కింద పెట్టాడు. అట్టపెట్టె విప్పలేదు.

లోపలికి వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుని పీట వాల్చుకున్నాడు.

"అన్నం పెట్టు."

ఆవిడ వడ్డించింది. మాగాయ జాడీ పక్కన పెట్టింది.

"హారికని రేపు బస్సెక్కిద్దాం. నువ్వూ నేనూ వెళ్లి ఎక్కిద్దాం," అన్నాడాయన తల వంచుకునే.

పార్వతి గరిటె కింద పెట్టింది.

"రాత్రి వంశీ రాగానే నేనే చెప్తాను. నీ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన జాడీ దగ్గరికి లాక్కుని, ఎండిన ముక్కొకటి అన్నంలో పెట్టి నెమ్మదిగా నలిపాడు. నలగలేదు.

"వచ్చే ఏడు మాగాయ ఊట జాడీలోనే పొయ్యి పార్వతీ," అన్నాడు. "బోల్టుల మీద పొయ్యకు."