ప్రాణమున్నదాన్ని ముట్టని కుక్క

"ఈ కుక్క నీకు పనికి రాదు అబ్బాయ్. అనవసరంగా ఇంతదూరం వచ్చావు," అంది ఇష్బెల్ గౌ, గేటు గడియ తియ్యకుండానే.

స్ట్రువన్ గేటు మీంచి లోపలికి చూశాడు. నల్ల లాబ్రడార్. పేరు బ్రాకెన్. గడ్డకట్టిన నేల మీద నిటారుగా కూర్చుని అతన్నే చూస్తోంది. తోక మాత్రం ఆడించడం లేదు.

"అలా అనకు పెద్దమ్మా. వేటరోజున పిట్టలు ఏరుకొచ్చే కుక్క లేకపోతే ఎస్టేట్లో నా ఉద్యోగం ఉండదు. ఇంట్లో చూస్తే అయిదేళ్ల పిల్ల. పోయినేడు తెచ్చిన కుక్క దాని చెయ్యి కొరికింది. ఈసారీ అలాంటిదే తెస్తే పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానంది మా ఆవిడ."

"అంటే కొండ మీద పులిలా దూకాలి, పొయ్యి దగ్గర పిల్లిలా పడుకోవాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి."

"రెండూ కావాలి," అన్నాడు స్ట్రువన్ సిగ్గుపడకుండా.

ముసలావిడ నవ్వింది. నవ్వుతో పాటు నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. గేటు తీసి, ఇంట్లోంచి టీ తెచ్చి, రాతిగోడ మీద అతనికి అందేలా పెట్టింది.

"దీనికో లోపముంది, ముందే చెప్తున్నా. ప్రాణమున్నదాన్ని నోట పట్టదు. రెక్క విరిగిన పిట్ట కళ్లముందే కుంటుకుంటూ పోతున్నా సరే, వెళ్లి పక్కన కూర్చుంటుంది. ఒక్కో పిట్టకి ఒక్కో అరుపు. అంతే. మనమే పరిగెత్తుకెళ్లి తెచ్చుకోవాలి. ఇద్దరు కొనుక్కెళ్లి, నన్ను నాలుగు తిట్టి, తిరిగి తెచ్చి దించిపోయారు."

"చచ్చినదైతే?"

"నువ్వే చూడు."

ఇష్బెల్ కోళ్లగూడు తలుపు తీసింది. రెండు పెట్టలు బద్ధకంగా బయటికొచ్చాయి. ఆవిడ ఈల వెయ్యగానే బ్రాకెన్ దూసుకుపోయి మొదటిదాని పక్కన కూర్చుంది. ఒకసారి అరిచింది. లేచి రెండోదాని దగ్గరికి వెళ్లింది. మళ్లీ ఒకసారి అరిచింది. పెట్టలు దాన్ని లెక్కచెయ్యకుండా నేల గీరుకుంటున్నాయి. తర్వాత ఆవిడ మేకుకి వేలాడుతున్న చచ్చిన ఫెజంట్ పిట్టని తీసి గోడ అవతలికి విసిరింది. బ్రాకెన్ గోడ దూకి, దాన్ని గుడ్డు పట్టుకున్నంత మెత్తగా పట్టుకొచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని చేతికి అందించింది. ఈక కూడా చెదరలేదు.

స్ట్రువన్ ప్రాణం లేచొచ్చింది. వేటగాళ్లు లోపమన్నదే తన ఇంటికి వరం. గాయపడ్డ పిట్టల వెనక తనే పరిగెత్తుతాడు, కాళ్లున్నాయిగా. కూతురు ఎఫీ దీని చెవులు పట్టి లాగినా, వీపు మీదెక్కి కూర్చున్నా దీని పన్ను తగలదు.

"ఇదే కావాలి పెద్దమ్మా. మా వాళ్లని పిలుచుకొచ్చి చూపిస్తా. కిందే ఉన్నారు."

"కిందెక్కడ?"

"వంతెన దగ్గర. మంచు మీద కారు కాస్త జారి వాగు గట్టున ఆగింది. పిల్ల నిద్రపోతోంది. మా ఆవిడా కళ్లు మూసుకునే ఉంది, దారంతా ఈ కుక్క గొడవే కదా, అలిగింది. లేపడమెందుకని నేనొక్కణ్ణే నడిచొచ్చా."

ఇష్బెల్ ఒకడుగు దగ్గరికొచ్చింది. అతని నోటికేసి చూస్తోంది. అక్కడ రావలసినదేదో రావడం లేదన్నట్టు చూస్తోంది.

"టీ ముట్టలేదేం?" అంది చివరికి.

"తాగాలనిపించలేదు."

"చలెయ్యడం లేదూ?"

"లేదు. విచిత్రంగా ఉంది, చేతి తొడుగులు కూడా కార్లోనే మర్చిపోయా."

అప్పుడు బ్రాకెన్ లేచింది. ఎవరూ ఈల వెయ్యలేదు. నిదానంగా స్ట్రువన్ దగ్గరికొచ్చి, అతని మణికట్టుని నోటితో పట్టుకుంది. పన్ను తగలలేదు. నోటి వెచ్చదనమూ తెలియలేదు. మెత్తగా లాక్కుంటూ అతన్ని ముసలావిడ దాకా తీసుకెళ్లి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. తలెత్తి, అతని చేతిని ఆవిడకి అందించింది.

స్ట్రువన్ తన చేతిని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఇదెప్పుడైనా పొరపాటు పడిందా పెద్దమ్మా?"

"ఏడేళ్లలో ఒక్కసారీ లేదు నాయనా."

తన గురించి అతను ఇంకేమీ అడగలేదు. అడగడానికి భయపడ్డది వేరే సంగతి.

"మరి వాళ్లిద్దరూ?"

ఆవిడ అప్పటికే వంతెన వైపు చెయ్యి చాపింది. "పో బ్రాకెన్, వెతుకు," అని ఈల వేసి, అంబులెన్సుకి ఫోను చెయ్యడానికి లోపలికి పరిగెత్తింది. కుక్క గోడ దూకి ఏటవాలులో మాయమైంది.

స్ట్రువన్ గేటు దగ్గర నిలబడ్డాడు. దాని నోట్లో ఎరుపురంగు ఊలు తొడుగున్న చిన్న చెయ్యి ఊహకొచ్చింది. నోట ఏమీ పట్టుకోకు తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఎవర్నీ ముట్టుకోకు అని గొణుక్కుంటూ చెవులు రిక్కించాడు. గూట్లోంచి వచ్చిన పెట్టలు కూడా గీరడం మానేశాయి.

వాగు దగ్గర్నించి బ్రాకెన్ అరుపు ఒకటి వినబడింది.

ఒక్కటే. అతను కళ్లు మూసుకుని, అది ఇద్దరిలో ఎవరి కోసమని అడగడానికి కూడా ధైర్యం చాలక, అలాగే నిలబడ్డాడు.

చాలాసేపటికి, రెండోది వినబడింది.