ఆరడుగుల దూరం నుంచి చదవాలి

“మూలకు ఏమున్నది బాపూ? సదువు.”

తిరుపతయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు పద్మారాణి ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టి, తెర ఆయన వైపు తిప్పింది. తెరకూ ఆయనకూ మధ్య ఆరడుగుల దూరం. అంత దూరం ఉండాలని కొడుకు ఉమాకాంత్ ముందే చెప్పాడు.

“మూలకా? చీమలు పారినట్టున్నది. ఏం సదవాలె రా?”

ఉమాకాంత్ మంచం మీద నుంచే నిట్టూర్చాడు. “అక్షరాలు చిన్నగైనయి పద్మా. పద్నాలుగు సైజు పెట్టు.”

పద్మారాణి మౌస్ అందుకుంది.

ఉమాకాంత్ వాళ్ళుండే సూరత్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనర్. ఏప్రిల్లో కరోనా వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి మూడు వారాలైంది. లేచి నాలుగడుగులు వేయాలన్నా ఇంకా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అయినా పని ఒప్పుకున్నాడు. టీంలో ఇప్పటికే ఇద్దరిని తీసేశారు.

పని పెద్దదేమీ కాదు. కంప్యూటర్ తెర మీద ఒక మూలన ఎప్పుడూ కనిపించే చిన్న పెట్టె. విడ్జెట్ అంటారు. ప్రాసెసర్ మీద ఎంత భారం పడుతోందో, మెమరీ ఎంత నిండిందో, యంత్రం ఎంత వేడెక్కిందో అది చెబుతుంది. పాతదాన్ని వాడినవాళ్ళు తిట్టిపోశారు. అందులో ఏడు రంగులున్నాయి. గడియారంలోలా గిర్రున తిరిగే ముళ్ళున్నాయి. వెనక ఏదైనా ఫొటో పెట్టుకుంటే అక్షరాలు అందులో కలిసిపోతాయి.

“ముళ్ళన్నీ తీసెయ్” అన్నాడు ఉమాకాంత్. “అడ్డం గీతలు మూడు చాలు. వెనక నల్లటి పలక పెట్టు, ఫొటో కనబడొద్దు. ఎరుపు ఒక్కదానికే. మిషన్ తొంభై దాటి వేడెక్కితేనే ఎర్రగ కావాలె. అన్నీ ఎర్రగుంటే ఎవడూ పట్టించుకోడు.”

“మరి అరవై, డెబ్బై ఉంటే?”

“పసుపు. పెట్టినవా? ఏ పసుపు వచ్చింది?”

“పసుపంటే పసుపే.”

“పసుపులు వంద ఉంటయి! నిమ్మకాయనా, పసుపు కొమ్మునా, ఏంది?”

పద్మారాణి మౌస్ వదిలేసింది. “నేను ఖటోదర మిల్లుల చీరెలకు డిజైన్లు ఏసినదాన్ని. మీ లెక్క నంబర్లతోని రంగులు చెప్పుడు నాకు రాదు.”

“మూడు నెలల కింద గీ పని గంటలనే చేస్తుంటి!”

ఆమె అంతకుముందే అతని చేతిలో పెట్టిన టీ గ్లాసు కింద పడింది. పడేశాడో, జారిందో ఆమె అడగలేదు. గుడ్డ తెచ్చి బండలు తుడిచింది.

కాసేపటికి అతనే అన్నాడు. “నీ మీద కోపం కాదు పద్మా.”

“ఎరుకే.”

“చీరె రంగే చెప్పు. నేను నంబర్ చెప్త.”

ఆ తర్వాత పని సాగింది. ఆమె బంతిపువ్వు రంగంటే అతను దాని కంప్యూటర్ నంబర్ చెప్పేవాడు. ఆమె అది టైపు చేసి చూసి, జర ముదిరింది అనేది. అతను ఇంకో నంబర్ చెప్పేవాడు. చిలకపచ్చ పనికిరాదన్నాడు. నల్లటి పలక మీద కళ్ళలో గుచ్చుకుంటుందన్నాడు. లేత వేపాకు రంగు దగ్గర ఇద్దరూ ఆగారు.

గురువారం తిరుపతయ్య పల్సానా మిల్లులో మగ్గం పని దిగి వచ్చేసరికి మళ్ళీ గోడ దగ్గర నిలబెట్టారు.

“రోజూ నన్నెందుకురా సతాయిస్తవు? నాకు ఇంగ్లీషు వస్తదా, ఏమన్ననా?”

“చేసినోడు చెప్తే కాదు బాపూ. తెల్వనోడు సదవాలె. అంకెలు సదువు.”

తిరుపతయ్య కళ్ళు చికిలించలేదు. ముందుకు వంగలేదు. “నలభై రెండు. గది పచ్చగున్నది. డెబ్బై ఒకటి, పసుపు. కింద యాభై ఐదు... కానీ అంకెలు కుదురుగ లేవు. ఒకపాలి గిటు, ఒకపాలి గటు ఎగురుతున్నయి.”

ఉమాకాంత్ ముఖంలో మూడు వారాలుగా లేని వెలుగు వచ్చింది. “శభాష్ బాపూ! పద్మా, అంకెలన్నీ కుడి దిక్కు సమంగ నిలబెట్టు. తొమ్మిది వచ్చినా వంద వచ్చినా జరగొద్దు.”

శుక్రవారం ఉదయం పంపించారు. మధ్యాహ్నం టీం లీడర్ ప్రణీత్ ఫోన్ చేశాడు. పద్మారాణి స్పీకర్ ఆన్ చేసి మంచం మీద పెట్టింది.

“ఉమాకాంత్ గారూ, అదిరిపోయింది! అహ్మదాబాద్ క్లయింట్ ఒక్క మార్పు కూడా చెప్పలేదు. ఒకసారి వీడియో ఆన్ చేయండి, టీం అంతా మీతో మాట్లాడతామంటున్నారు.”

“నెట్ సరిగ్గా వస్తలేదు సార్.”

“సరే, పర్వాలేదు. ఇంకో మంచి మాట. సోమవారం నుంచి ఆఫీసు తెరుస్తున్నాం. కొత్తగా నలుగురిని తీసుకున్నాం. వాళ్ళ స్క్రీన్ల పక్కన కూర్చుని, ఎక్కడ తప్పు చేస్తున్నారో మీరే చూసి చెప్పాలి. ఇంటి నుంచి పని ఇక ఎవరికీ లేదు. వస్తారుగా?”

తిరుపతయ్య తల దించుకున్నాడు. పద్మారాణి ఫోన్ వైపు చేయి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“వస్త సార్” అన్నాడు ఉమాకాంత్.

ఫోన్ కట్టయింది. తర్వాత పద్మారాణి చేతులు కడుక్కుని వచ్చి, దూదిని మందునీళ్ళలో ముంచి, కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ సోకిందని ఆస్పత్రివాళ్ళు అతని రెండు కళ్ళూ తీసేయగా మిగిలిన గుంతలను ఒకదాని తర్వాత ఒకటి తుడవసాగింది.